అరకులోయలో థింసా

విశాఖపట్టణమున ప్రాతఃకాలమున రైలెక్కి, సొరంగముల చీకటిలో మునుగుచు తేలుచు, మేము మధ్యాహ్నమునకు ముందే అరకులోయ చేరితిమి. సాయంకాలము మా బసయెదుట మన్యపు స్త్రీలు థింసా యాడుదురని విని, పిల్లలతో గూడ ముందువరుసలో గూర్చుంటిమి.

మొదట తుడుము మ్రోగెను. డప్పును, కిరిడియు, మోరియు, జోడుకొమ్ములును దానితో గలిసెను. వాద్యములు పురుషులవి; ఆట స్త్రీలది. పదునేనుగురు స్త్రీలు ఒకరి వీపున నొకరు చేయివైచి గొలుసువలె నిలిచి, ఒక్క అడుగైన తప్పక, పామువలె మెలికలు దిరిగి వలయ మగుచుండిరి. అంతలో మాలో నొకరు "చాలును, భోజనమునకు వేళయైనది" అనిరి. వాద్యములు నిలిచిపోయెను. వలయము సగములోనే విడిపోయెను.

మాకు సిగ్గు కలిగెను. ప్రక్కనున్న వృద్ధురాలిని "అవ్వా, ఇది పూజయా, వేడుకయా?" అని యడిగితిమి. ఆమె నవ్వి, "అమ్మోరి కాడైనా, పెళ్లికాడైనా మా అడుగొకటే తల్లీ. నడాన తెగ్గొడితే మనసొప్పదు" అనెను.

ఆమె మాట నిజము. థింసాలో పెక్కు విధము లున్నవి. బోడ థింసా గ్రామదేవతను గొలుచు నాట. బాయ థింసా దేవత పూనిన గురువు ఆట. పొత్తర్ తోలయందు ఆకులు ఏరుటయు, బాగ్ థింసాయందు పులిబారినుండి తప్పించుకొనుటయు జూపుదురు. పూజయు, పనియు, భయమును ఒక్క చోటనే అడుగు కలుపును.

మన యిండ్లలో మాత్రము వేఱా? పెండ్లిపాటలలో సీతారాములు లేరా? ఐరోపాఖండమున మధ్యయుగమునను ఇట్టిదే జరిగినది. స్పెయిను దేశమున మొంసెరాట్ కొండమీది మేరీమాత గుడికి వచ్చిన యాత్రికులు రాత్రి జాగరణలో ఆడి పాడగోరుచుండిరి. మఠమువారు వారిని వారింపక, భక్తిగల పాటలనే కూర్చి యిచ్చిరి. 1399 ప్రాంతమున వ్రాసిన యా గ్రంథమున వలయముగా నాడుటకు దగిన పాటలును గలవు.

థింసా యాడు స్త్రీలకు కూలి ముట్టుట మంచిదే. కాని కూలి యిచ్చితిమని ఆటను నడుమ ద్రుంచు నధికారము మనకు రాదు. మన మంగళహారతిని సగములో నెవరైన నాపుమన్నచో మన మేమందుము? సోదరీమణులారా, మీరు అరకు పోయినప్పుడు, అన్నము చల్లారినను సరే, ఆట ముగియువఱకు గూర్చుండుడు.