మీజాన్

మొన్న జుమ్మా రాత్రి ఖాలా కొడుకు టెక్సాస్ నుంచి వీడియో కాల్ చేశాడు. వాడి వెనకాల తెల్లటి ఇల్లొకటి కనబడుతోంది. తలుపు, కిటికీలు, లోపల వంటగట్టు, మంచాలు, గుసల్‌ఖానా అన్నీ ఉన్నాయి. కింద చక్రాలు కూడా ఉన్నాయి.

"భాయ్, దీన్ని నా పికప్‌కి తగిలించుకుని సెలవుల్లో అమ్మీని, పిల్లల్ని ఊళ్లు తిప్పుదామనుకుంటున్నా. నీ బండి హాయిగా లాగేస్తుందని షాపువాడు చెప్పాడు. ఎల్లుండి బయానా ఇచ్చేస్తున్నా" అన్నాడు.

పక్కనుంచి ఖాలా "చల్తా ఫిర్తా ఘర్ రే బేటా" అని మురిసిపోయింది. ఆమె రాజోలు నుంచి వెళ్లి రెండు నెలలైంది. నేనూ మాషాఅల్లా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. వెనక ఇంకో బండి తగిలించుకున్న బండి అంటే నాకు భయం. ఆ భయం ఎక్కడిదో వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పనివాళ్లలో నేనూ ఒకణ్ణి.

మా నానా అమలాపురంలో జట్కా తోలేవాడు. కోనసీమకి రైలు లేదు కదా, బస్సు దిగినవాళ్లకి జట్కాయే దిక్కుగా ఉన్న రోజులవి. జట్కాకి రెండే చక్రాలు. కూర్చున్నవాళ్ల బరువు ఇరుసుకి ముందు ఎక్కువైతే నొగలు గుర్రం వీపు మీద కుంగుతాయి. వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి, పొట్ట కింద పట్టీ గుర్రాన్ని ఎత్తేస్తుంది. అందుకే నానా కళ్లెం పట్టే ముందు వెనక్కి తిరిగి చూసేవాడు. "అమ్మా, మీరు కాస్త ముందుకి. బాబుగారూ, మీరు కొంచెం వెనక్కి." ఆ తర్వాత నొగ కింద చెయ్యి పెట్టి చూసేవాడు. చేతికి కొద్దిగా బరువు తెలిస్తేనే బండి కదిలేది. దాన్ని ఆయన మీజాన్ అనేవాడు. అమ్మీ, ఖాలాలు ఆ మాట వింటూ పెరిగారు. నేనూ విన్నాను.

విని కూడా ఏం చేశానో చెబుతాను. నాకప్పుడు పన్నెండేళ్లు. చిన్న ఖాలా రుఖ్సత్ రోజు. పెళ్లికూతుర్ని కారులో పంపించి, జహేజ్ సామానుతో మేం ట్రాక్టర్ తొట్టిలో బయల్దేరాం. కొత్తపేట దగ్గర ఏటిగట్టు ఎక్కి, అవతల లంకలోకి దిగాలి. పరుపులు, గిన్నెలు ముందు ఎక్కించారు. ఇనప బీరువా ఆఖరున ఎక్కించారు, అక్కడికెళ్లగానే మొదట దాన్నే దించాలని. ఖాలూ దాన్ని పట్టుకుని తొట్టి చివర నిలబడ్డాడు. పిల్లలం గాలి కోసం వెనక తలుపు మీదెక్కి కూర్చున్నాం. డ్రైవరు రెండుసార్లు అరిచాడు, "ఒరేయ్ బాబూ, ముందుకి జరగండర్రా" అని. నేను జరగలేదు.

గట్టు వాలు సగం ఎక్కాక ట్రాక్టర్ పెద్ద చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలెట్టాయి. అది రెండు చక్రాల తొట్టి. ఎక్కుడులో బరువంతా వెనక్కి పడి, తొట్టి ముక్కు ట్రాక్టర్‌ని వెనకనుంచి పైకి ఎత్తుతోంది. చక్రాలకి నేల పట్టు దొరకలేదు. తొట్టికి బ్రేకులు లేవు. బండి వెనక్కి జారింది, తొట్టి అడ్డం తిరిగింది, పక్కనున్న బోదెలోకి ఒరిగింది. మేం నీళ్లలో పడ్డాం. బీరువా ఖాలూ మీద పడింది.

ఖాలా కొడుక్కి అప్పుడు ఏడు నెలలు. జనాజాకి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట అన్నారు, తక్దీర్. ఇద్దత్‌లో కూర్చున్న ఖాలాకి ఆ మాట చేతికర్ర అయింది. దాన్ని లాగెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? అబ్బా ఎలా పోయాడని వాడు అడిగినప్పుడల్లా ట్రాక్టర్ బోల్తా పడిందనేవాళ్లం. అంతకుమించి ఎవరం చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి మొత్తం చెప్పాను. బీరువా, వాలు, నేను జరగకపోవడం, అన్నీ. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "ఇప్పుడు నన్నేం చేయమంటావు భాయ్?" అన్నాడు.

"నీ బండి డ్రైవరు తలుపు తియ్యి. పక్క స్తంభానికి ఒక స్టిక్కర్ ఉంటుంది. ఫొటో తీసి పంపు."

వాడిది హాఫ్ టన్ అని పిలిచే పికప్. ఫోర్డ్ ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500 ఈ కోవలోవే. పూర్వం అర టన్ను, అంటే 1,000 పౌండ్లు మోసేవి కాబట్టి ఆ పేరు. ఇప్పటివి ఇంకా ఎక్కువే మోస్తాయి, కానీ ఒకే మోడల్‌లో కూడా బండిబండికీ లెక్క మారుతుంది. ఏ బండి లెక్క ఆ బండి తలుపు దగ్గరే ఉంటుంది. వాడి స్టిక్కర్ మీద మనుషులు, సామాను అంతా కలిపి 1,700 పౌండ్లు దాటకూడదని ఉంది. మన లెక్కలో 771 కిలోలు.

షాపువాడు చెప్పింది లాగే బలం. స్టిక్కర్ చెప్పేది మోసే బలం. రెండూ వేరు. 10,000 పౌండ్లు లాగగల ఇంజన్ ఉన్నా, వెనక చక్రాలు, స్ప్రింగులు మోయలేకపోతే ఆ బలం ఎందుకూ కొరగాదు. వెనక బండి ముక్కు ముందు బండి మీద మోపే బరువు కూడా ఈ 1,700లోనే కలుస్తుంది. నానా నొగ కింద చెయ్యి పెట్టి చూసింది ఆ ముక్కు బరువునే.

ఇద్దరం కాగితం మీద హిసాబ్ వేశాం. వాడు, దుల్హన్, ఖాలా, ఇద్దరు పిల్లలు కలిపి 600 పౌండ్లు. వెనక తొట్టిలో పెట్టుకునే సామాను 200. తగిలించే ఇనప సరంజామా 100. పోగా మిగిలింది 800.

వాడు ముచ్చటపడింది ఫిఫ్త్ వీల్ రకం. గుర్రపు బగ్గీల కాలంలో ముందు ఇరుసు తిరగడానికి అడ్డంగా పెట్టిన చక్రం నుంచి వచ్చిన పేరది. దాని కొక్కెం పికప్ తొట్టిలో, వెనక ఇరుసు మీదికి వచ్చేలా కూర్చుంటుంది. అందుకని తోక ఊగడం తక్కువ. కానీ మొత్తం బరువులో అయిదో వంతు దాకా పికప్ మీదే మోపుతుంది. సామాను సర్దాక 9,000 పౌండ్లు తూగే బండి అయితే 1,800. ఇంట్లోవాళ్లు ఎవరూ ఎక్కకముందే స్టిక్కర్ లెక్క దాటిపోయింది! షాపువాడు చూపించింది ఖాళీ బండి బరువు. అందులో నీళ్లు, గ్యాసు, బియ్యం, బట్టలు లేవు. 150 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే ఆ ఒక్కటే 150 కిలోలు.

బంపర్ వెనక కొక్కేనికి తగిలించే ట్రావెల్ ట్రైలర్ అయితే ముక్కు బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకంటే తక్కువైతే తోక ఊగుతుంది, ఎక్కువైతే పికప్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. సామానుతో సహా 5,000 పౌండ్లు తూగేది తీసుకుంటే, 13 శాతం చొప్పున 650. మిగిలిన 800లో అది ఇముడుతుంది. ముక్కు బరువుని కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒకటి ఉంటుంది. అది బరువుని పంచుతుందే గాని స్టిక్కర్ మీది అంకెని పెంచదు.

"చిన్నది తీసుకుంటే పిల్లలు ఒప్పుకోరు" అన్నాడు.

"నేనూ ఆ రోజు గాలి కోసం ఒప్పుకోలేదు" అన్నాను.

బయానా ఆగింది. రెండు వారాల తర్వాత చిన్న ట్రైలర్ కొన్నాడు. బరువైన సామాను ఇరుసు మీద, ఇరుసుకి కాస్త ముందు సర్దాడు. తోక వైపు దుప్పట్లు, తలగడలు పెట్టాడు. ట్రైలర్ బ్రేకుల్ని డ్రైవరు సీటు నుంచి వేసే కంట్రోలర్ పెట్టించాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే ఒప్పుకోరు. గొలుసులు రెండూ ముక్కు కింద అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వేయాలి, కొక్కెం ఊడితే ముక్కు నేలని గుచ్చుకోకుండా అవి ఒడిసిపట్టుకుంటాయి. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు వాటంతట అవే పడే సన్న తీగ వేరే ఉంటుంది. దాన్ని ఆ గొలుసులకి కట్టకూడదు, పికప్‌కి విడిగా తగిలించాలి.

ఒక్క సంగతి వాడితో మూడుసార్లు అప్పగించుకున్నాను. తోక ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్పీడు పెంచి తప్పించుకోవాలని చూడకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, చేత్తో ట్రైలర్ బ్రేకు ఒక్కటే మెల్లగా వేయాలి. బండి నిలకడకి వచ్చాక పక్కన ఆపి, సామాను మళ్లీ సర్దాలి. ఊగిందంటే ఎక్కడో మీజాన్ తప్పిందన్నమాట.

మా అబ్బా ఉంటే ఇదంతా విని, అల్లా మీద భరోసా లేదా అనేవాడు. ఒంటెని వదిలేసి తవక్కుల్ చేయనా, కట్టేసి చేయనా అని అడిగిన మనిషికి రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం ముందు కట్టెయ్యమన్నారు, తర్వాతే తవక్కుల్ అన్నారు. తిర్మిజీలో ఉన్న ఆ హదీసు మన మస్జిదుల్లో ఎన్నిసార్లు విన్నామో. సూరె రహ్మాన్‌లో మీజాన్ దగ్గర హద్దు మీరొద్దన్న హుకుం ఉంది. తక్దీర్ మీద నాకు ఈమాన్ ఉంది. కానీ తూకం చూడని మన తప్పుని తీసుకెళ్లి తక్దీర్ ఖాతాలో రాయడం అదబ్ కాదని ఇన్నేళ్లకి అనిపిస్తోంది.

అమెరికా బండి మనకెందుకు అనుకోకండి. అంబాజీపేటలో ఎండుకొబ్బరిని కాటా వేయకుండా ఎవరూ కొనరు. మన ఆడవాళ్లని, పిల్లల్ని మాత్రం ఏ తూకం లేకుండా తొట్టిలోకి ఎక్కించి నికాహ్‌లకీ, ఉర్సులకీ తీసుకెళ్తాం. సరుకు తొట్టిలో జనాన్ని ఎక్కించకూడదు, చట్టమూ ఒప్పదు. మనుషులకి బస్సో ఆటోయో మాట్లాడండి. సామాను తొట్టి అయినా సరే, బరువైనది ఇరుసు దగ్గర పెట్టండి, హిచ్ పిన్నుకి క్లిప్ ఉందో లేదో వంగి చూడండి, వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టర్ లేకుండా రాత్రిపూట 216 హైవే ఎక్కనివ్వకండి.

నిన్న వాడు ఫొటో పంపాడు. లారీలు ఆగేచోట కాటా వేయించిన చీటీ. పికప్ ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్, మూడింటికీ విడివిడిగా అంకెలు. అన్నీ హద్దులోనే ఉన్నాయి, అల్హమ్‌దులిల్లా. కింద రాశాడు: "అమ్మీని కూడా బండిలో కూర్చోబెట్టే తూచాను."

ఆ వెంటనే ఖాలా ఫోన్ చేసింది. కొడుకు ఆమెకి అంతా చెప్పేశాడట. నా గొంతు తడారిపోయింది. ఏమంటుందో అనుకున్నాను.

"పన్నెండేళ్లప్పుడు నీ బరువెంత రా?" అంది.

"ముప్ఫై కిలోలు ఉంటానేమో ఖాలా."

"బీరువా ఎంత?"

నేను చెప్పలేకపోయాను.

"నానా ఉంటే బీరువాని ముందుకి జరిపించేవాడు. నువ్వు వెనక కూర్చున్నా బండి గట్టెక్కేది" అంది. కాసేపాగి, "ఇన్నేళ్లూ నువ్వొక్కడివే మోశావా బేటా, నాక్కొంచెం ఇవ్వొచ్చుగా" అంది.

పొద్దున ఫజర్ తర్వాత వాళ్లు బయల్దేరారు. సఫర్ దువా ఖాలాయే చదివిందట, కొడుకు గొలుసులు తగిలించడం చూశాక.