మా తమ్ముడి రెండు ఓడలు

మా తమ్ముడికి రెండు ఓడలున్నాయి. పలమనేరుకి సముద్రం ఎక్కడుంది, ఓడలెక్కడివి అని అడక్కండి. అవి ఆకాశంలో తిరిగే ఓడలు. సరిగ్గా చెప్పాలంటే కంప్యూటర్ లోపలి ఆకాశంలో. ఒకటి కొని పన్నెండేళ్లయింది, రెండోది కొని పదకొండేళ్లు కావస్తోంది. ఆ ఓడలు తిరగాల్సిన ఆట మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

నాకు ఈ సంగతంతా మొన్న దీపావళికి వాడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు తెలిసింది. అదీ మా అబ్బాయి వల్ల. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నేను చీటీ పాడుకున్న డబ్బు బీరువాలో ఉందని వాడికి ఎలా తెలుసో తెలియదు కానీ, అత్తిరాసాల పిండి కలుపుతున్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, వచ్చే ఏడాది స్క్వాడ్రన్ 42 వస్తాదంట. మనింట్లో ఉండే కంప్యూటర్లో అది తెరుచుకోను కూడా తెరుచుకోదు. ఎనభై వేలు పెడితే మంచిదొస్తాది. మామని అడుగు కావాలంటే."

మామని అడిగాను. మామ నవ్వి, "వస్తాదని పన్నెండేళ్లుగా అంటానే ఉండారక్కా" అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం చూశాకే నాకు అనుమానం వచ్చింది, ఇందులో ఏదో ఉంది అని.

ఆట పేరు స్టార్ సిటిజన్. క్రిస్ రాబర్ట్స్ అని ఒకాయన 1990లో వింగ్ కమాండర్ అనే అంతరిక్ష యుద్ధాల ఆట చేసి పేరు తెచ్చుకున్నాడట. ఆయన 2012 అక్టోబర్‌లో జనం ముందుకొచ్చి, ఇంతవరకు ఎవరూ చేయనంత పెద్ద ఆట చేస్తాను, పెద్ద కంపెనీల డబ్బు వద్దు, మీరే తలా కాస్త వేసుకోండి అన్నాడు. కిక్‌స్టార్టర్ అనే చోట 5 లక్షల డాలర్లు అడిగారు. నవంబర్‌లో లెక్క చూసుకుంటే, వాళ్ల సొంత వెబ్‌సైట్‌కి వచ్చినవి కూడా కలిపి 62 లక్షల డాలర్లు! ఆట 2014 నవంబర్‌కి చేతికిస్తాం అన్నారు.

జనం చందాలేసి ఒక పని చేయించడం మనకేం కొత్త కాదు. ఊళ్లో గంగమ్మ జాతర అలాగే జరుగుతుంది. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్' సినిమాకి గుజరాత్‌లో 5 లక్షల మంది పాల రైతులు తలా 2 రూపాయలు ఇచ్చారు. మా వైపు ఇంటింటా ఆవులే కాబట్టి డిగ్రీలో మా మేడమ్ చెప్పిన ఆ సంగతి నాకు గుర్తుండిపోయింది. రైతులు డబ్బులిచ్చారు, సినిమా వచ్చింది, లారీలెక్కి వెళ్లి చూసొచ్చారు. అక్కడితో సరి.

ఇక్కడ సరి కాలేదు. 62 లక్షలు చూసేసరికి ఆశ పెరిగింది, ఆశ పెరిగేకొద్దీ ఆట పెరిగింది. వంద నక్షత్ర మండలాలు ఉంటాయన్నారు. ఇంకా కట్టని ఓడలకు బొమ్మలు గీసి, ఇది ఇలా ఉంటుంది అని అమ్మడం మొదలుపెట్టారు. క్యారక్ అని ఒక ఓడ 2014లో అమ్మకానికి పెడితే అది ఆటలో ఎగిరేసరికి ఐదేళ్లు దాటింది. ఇప్పటికి జనం దగ్గర్నుంచి వచ్చింది 80 కోట్ల డాలర్ల పైమాట. మన రూపాయల్లో ఆరు వేల కోట్లు దాటుతుంది. ఆడేందుకు ఏదో ఒకటి ఉంది, లేదని కాదు. దాన్ని ఆల్ఫా అంటారట. అంటే ఇంకా ఉడుకుతున్న అన్నం. లిఫ్టు ఎక్కితే నేల మాయమై పడి చచ్చిపోవడం వాళ్లలో వాళ్లకు పాత జోకు.

నేను వినగానే అన్న మాట, "ఒరే, ఇది చీటీలాగే ఉండాది కదరా."

చీటీ గురించి నాకు చెప్పాల్సిన పని లేదు. ఎనిమిదేళ్ల కింద మా వీధిలోనే ఒకరి దగ్గర పద్నాలుగు నెలలు కట్టాక ఓ పొద్దున వెళ్తే ఇంటికి తాళం. ఆ డబ్బు ఈరోజుకీ రాలేదు. ఆ తర్వాత మూడేళ్లు చీటీ అన్న మాటే ఎత్తలేదు నేను. మళ్లీ వేసింది బాగా తెలిసినవాళ్ల దగ్గర, అదీ మా ఆయన చేత రెండుసార్లు వద్దనిపించుకుని.

తమ్ముడు ఒప్పుకోలేదు. "వాళ్లు తాళమేసుకుని పోలేదక్కా. రోజూ పని చేస్తానే ఉండారు. ప్రతి వారం ఏం చేసినారో వీడియో పెడతారు."

అదే నాకు ఇంకా విచిత్రంగా అనిపించింది. ఇరవై మంది చీటీ అయితే ఇరవై నెలలు. పాడినవాళ్లు ముందు, పాడనివాళ్లు వెనక, ఇరవయ్యో నెలకి పుస్తకం మూసేస్తారు. దీనికి నెలల లెక్కే లేదు. ఎగ్గొట్టి పారిపోతే తిట్టుకుని, ఏడ్చి, మరిచిపోవచ్చు. పారిపోకుండా ఎదురుగా కూర్చుని పని చేస్తూనే ఉంటే ఏం చేస్తాం, చెప్పండి?

రాత్రి అందరూ పడుకున్నాక వాడు తన బరువైన లాప్‌టాప్ తెరిచి నాకు చూపించాడు. చూడనని మొరాయించి, చివరికి గంటన్నర కూర్చున్నాను. మనిషి ఒక చిన్న గదిలో మంచం మీద నిద్ర లేస్తాడు. దాహం వేస్తే నీళ్లు తాగాలి, ఆకలేస్తే తినాలి. తలుపు తీసుకుని, లిఫ్టు దిగి, రైలెక్కి ఓడల స్టేషన్‌కి వెళ్లాలి. "ఇదంతా నేను రోజూ చేస్తా ఉండా కదరా, దీనికి డబ్బులెందుకు?" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ఓడ లేచింది. కింద మంచు ఊరు చిన్నదైపోయింది, మేఘాలు దాటాయి, నీలం నల్లగా మారింది. ఎక్కడా తెర మారలేదు, ఆగలేదు. ఆ గ్రహం గుండ్రంగా కనిపించే దాకా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. నాకు కూడా మాట రాలేదు. నిజం చెప్పుకోవాలి కదా, చాలా బాగుంది.

త్రిశంకుడి కోసం విశ్వామిత్రుడు వేరే నక్షత్రాలు సృష్టించిన కథ గుర్తొచ్చింది. కోపం మీద మొదలుపెట్టాడాయన, మధ్యలో దేవతలొచ్చి బతిమాలితే ఆపాడు. ఈ రాబర్ట్స్‌ని ఆపడానికి ఎవరూ రాలేదు కాబోలు. మొదటి నక్షత్ర మండలం పక్కన రెండోది కలిసింది 2024 డిసెంబర్‌లో. వంద అన్నారు కదా, అది రెండోది.

"నమ్ముతావా నువ్వు?" అని అడిగాను.

వాడి జవాబు ఒకటి కాదు. నమ్మకపోవడానికి కారణాలు వాడే చెప్పాడు. ఎలీట్ డేంజరస్ అని ఇలాంటిదే ఇంకో ఆట అదే 2012 నవంబర్‌లో చందాలకు దిగి, 2014 డిసెంబర్‌కి వచ్చేసింది. ఇంత పెద్దది కాదు, కానీ వచ్చింది. ఈయనే ఇంతకు ముందు ఫ్రీలాన్సర్ అనే ఆట మొదలుపెట్టి, ఎంతకీ తెమలక, కంపెనీ మైక్రోసాఫ్ట్ చేతికి పోయాక పక్కకు తప్పుకున్నాడు. దాన్ని వేరేవాళ్లు కొన్ని కోరికలు కత్తిరించి 2003లో విడుదల చేశారు. అంటే కత్తెర పట్టుకునేవాళ్లు ఉంటే తప్ప ఈయన పని ముగియదని భయం. ఇప్పుడు ఆయన చేతిలో కత్తెర కూడా ఆయనదే.

నమ్మడానికి కారణాలూ ఉన్నాయి. నో మ్యాన్స్ స్కై 2016లో వచ్చినప్పుడు చెప్పినవేవీ లేవని జనం దుమ్మెత్తిపోశారు. ఆ చిన్న బృందం కిక్కురుమనకుండా ఏళ్ల తరబడి సరిచేసి, తిట్టినవాళ్ల చేతే మెప్పించుకుంది. ఇక మావాడడిగే స్క్వాడ్రన్ 42 దీనిలోంచి పుట్టిన కథ, ఒక్కరే ఆడుకునేది. సూపర్‌మాన్ వేసిన హెన్రీ కావిల్, గ్యారీ ఓల్డ్‌మన్, మార్క్ హామిల్ లాంటివాళ్లు నటించారు. 2023 అక్టోబర్‌లో అందులో ఉండాల్సినవన్నీ ఉన్నాయి, ఇక మెరుగు పెట్టడమే మిగిలింది అన్నారు. మరుసటి ఏడు 2026లో విడుదల అన్నారు.

"మెరుగు పెట్టడానికి మూడేళ్లా?" అన్నాను. నగల దుకాణంలో కూడా అంత పట్టదు.

వాడు లాప్‌టాప్ మూశాడు. వెళ్లి పడుకుంటాడేమో అనుకున్నాను. కూర్చునే ఉన్నాడు.

"అక్కా, నీకొకటి చెప్పల్ల. ఆ రెండో ఓడ ఉండాదే, అది 2014 డిసెంబర్‌లో కొన్నా. రెండు వందల యాభై డాలర్లు. అప్పటికి పదిహేను వేల పైన."

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. 2015 జనవరి. నాయనకి గుండెలో స్టెంట్ వేయించడానికి వేలూరు తీసుకెళ్లిన నెల. నేను నా నల్లపూసల గొలుసు తాకట్టు పెట్టి, మా ఆయన వాళ్ల అన్నని అడిగి, అయినా ఇంకొంచెం తక్కువైతే వీడికి ఫోన్ చేశాను. "జీతం మొత్తం అయిపోయిందక్కా, బాడుగ కట్టేసినా" అన్నాడు. బెంగళూరులో ఖర్చులు అంతే కదా అనుకున్నాను. గొలుసు విడిపించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

ఏమనాలో తెలియలేదు. పదకొండేళ్ల కిందటి పదిహేను వేలకి ఇప్పుడు ఏం కోప్పడతాం? కానీ కోపం వచ్చింది. వచ్చిందని వాడికీ తెలిసింది.

"వెనక్కి అడగలేకపోయినావా?" అన్నాను.

"నాయన పని ఎట్లో జరిగిపోయింది కదా అని ఊరుకున్నా. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. ఆట వచ్చింటే అప్పుడే మరిచిపోయి ఉందును. అది రాకుండా ఉండేకొద్దీ దాన్ని తెరిచినప్పుడల్లా నాయన గుర్తొస్తాడు."

అప్పటికి వాడికి ఇరవై నాలుగు. పెళ్లి లేదు, శనివారం రాత్రంతా ఆడుకున్నా అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు ముప్పై ఐదు, ఇద్దరు పిల్లలు. "నిజంగా రేపే వచ్చినా నాకు ఆడే టైం లేదక్కా" అన్నాడు. మరి ఎందుకురా ఎదురుచూడటం అంటే, "ఏమో, ఇంతకాలం చూసినాను కదా" అన్నాడు.

ఆ మాట నేను ఎక్కడో విన్నాను. నాయన నోట విన్నాను. మా పుట్టిల్లు వి.కోట పక్కన పల్లె. హంద్రీ-నీవా కాలువ మన వైపు వస్తాది, శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు మన చెరువుల్లో పడతాయి అని నేను లంగా ఓణీ వేసుకునే రోజుల నుంచీ చెప్పేవాడు. ఎండిన చెరువు కట్ట మీద కూర్చుని, ఇదిగో ఈ పక్క నుంచి వస్తాయి అని చేత్తో చూపించేవాడు. బోర్లు వేసి వేసి అప్పులపాలైనవాళ్లు నవ్వేవాళ్లు. ఎందుకు నాయనా ఆ ఆశ అంటే, ఇంతకాలం చూసినాం కదమ్మా అనేవాడు. 2019లో పోయాడు. మొన్న ఆగస్టు చివర కుప్పం దగ్గర పరమసముద్రంలో ముఖ్యమంత్రి కృష్ణమ్మకు జలహారతి ఇచ్చారు. ఏడు వందల కిలోమీటర్లు దాటి వచ్చిన నీళ్లు. టీవీలో చూస్తూ నేనూ అమ్మా ఏడ్చాం. అమ్మ మాత్రం ఒక మాట అంది, "ఆయనకి చూపించకుండా వచ్చినాయి చూడు" అని.

నీళ్లూ ఆటా ఒకటేనా అని మీరు అనొచ్చు. కాదు. నీళ్లు లేకపోతే బతుకు లేదు, ఆట లేకపోతే ఏమీ కాదు. తమ్ముడితో నేనూ అదే అన్నాను, కాస్త గట్టిగానే. వాడు తల ఊపాడు. కానీ వాడి ముఖం అచ్చం నాయన ముఖంలా ఉంది ఆ లైటు వెలుతుర్లో.

పొద్దున్నే మావాడు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నా బదులు మామే జవాబు చెప్పాడు. "ఒరే, చదువుకి పనికొచ్చే కంప్యూటర్ ఏది కావాలో అది కొనించుకో. ఆట కోసం అయితే అది వచ్చినాక, ఆడినోళ్లు బాగుందన్నాక అడుగు. రాకముందు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. నా మాదిరి ఓడలు కొనద్దు."

"నీ ఓడలు నాకిస్తావా మరి?" అన్నాడు వాడు.

మామ సమాధానం చెప్పలేదు.

కంప్యూటర్‌కి యాభై వేలు ఇస్తానన్నాను, మావాడు ముఖం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. మిగతా ముప్పై బీరువాలోనే ఉన్నాయి. తమ్ముడు ఊరెళ్లేటప్పుడు నా చేతిలో ఒక కవరు పెట్టబోయాడు. పదిహేను వేలు. తీసుకోలేదు. "ఆ ఓడలో నన్నొకసారి తిప్పు, చాలు" అన్నాను. నవ్వుతాడనుకున్నాను కానీ కళ్లు తుడుచుకుని బస్సెక్కాడు.

ఇది రాస్తుంటే మావాడు వెనక నుంచి తొంగిచూసి, "స్క్వాడ్రన్ స్పెల్లింగు తప్పు రాసినావేమో చూడు" అన్నాడు. తెలుగులో రాస్తే స్పెల్లింగు తప్పేముందిరా అన్నాను. ఇంకో సంగతి, నా ఫోన్లో వంటల వీడియోల మధ్య ఇప్పుడు ఆ ఆట వార్తలు కూడా వస్తున్నాయి. నిన్న ఒకటి తెరిచి చూశాను, ఏ నెలలో అన్నారేమో అని. నెల చెప్పలేదు.