నంది కొండా, నీళ్ళ చెంబూ

బెంగుళూరులో రెండు మూడు తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో నంది కొండ ఎక్కనివారు అరుదు. ఐతే చాలామంది తెల్లవారుజామున కారు కట్టుకొని పోయి, మంచులో సూర్యోదయం చూచి, కాఫీ తాగి, టిఫిను వేళకు ఇల్లు చేరేవారే. కొండ క్రింద నంది అనే గ్రామం ఉన్నదనీ, అందులో వెయ్యేళ్ళు దాటిన ఆలయం ఉన్నదనీ వారికి జ్ఞాపకం రాదు. గత మాఘమాసంలో మేము వెళ్ళినప్పుడు మొదట గ్రామంలోనే దిగాము. కారణం భక్తి ఒక్కటే కాదు. మా అక్కయ్య మెట్టినిల్లు ఆ ఊరే.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలు మనకు పరాయి సీమలు కావు. అక్కడ వేలాది ఇళ్ళలో తెలుగే మాట్లాడుతారు. బజారులో కన్నడం, ఇంట్లో తెలుగు. కైవారం తాతయ్య తత్త్వాలు చెప్పింది కూడా తెలుగులో, కన్నడంలో. మా బావగారిదీ అదే బాణీ. ఆయన ఇరవై ఆరేళ్ళు ప్రయాణీకుల ఓడల మీద ఫిట్టరుగా పనిచేసి, రిటైరై, నందిలో నాలుగు గుంటల ద్రాక్షతోటతో కాలక్షేపం చేస్తున్నారు. సముద్రం ఎరుగని కొండప్రాంతంవాడు ఓడ ఎట్లా ఎక్కాడంటే అది వేరే కథ.

భోగనందీశ్వరుని గుడిలో 9వ శతాబ్దం నాటి పనితనం ఉన్నది. భోగనందీశ్వరుడు, అరుణాచలేశ్వరుడు, నడుమ ఉమామహేశ్వరుడు. ఆ నడిమి మంటపంలోని నల్లరాతి స్తంభాల చెక్కడం చూస్తూ నిలబడితే కాళ్ళు నొప్పి తెలియవు. వెనుక శృంగితీర్థం అనే కల్యాణి. నంది తన కొమ్ముతో నేలను పొడిస్తే గంగ ఉబికిందని స్థలపురాణం. నాలుగు వైపులా మెట్లు, చుట్టూ మంటపం, ఎండపూట కూడా చల్లదనం. మేము అక్కడే కూలబడ్డాము.

మాతో మా పిన్ని కూడా ఉన్నది. నెల్లూరులో పుట్టి హైదరాబాదులో కాపురం చేసిన మనిషి. వయస్సు డెబ్బై రెండు. కాచిగూడ నుంచి యశ్వంతపురానికి 2023 సెప్టెంబరు 24 న మొదలైన వందే భారత్ బండిలో ముందురోజే వచ్చింది. అక్కయ్య మజ్జిగ తెస్తే తాకలేదు. నీళ్ళిస్తే పుక్కిలించి ఉమ్మేసింది.

"కొండ మీదికి పోతున్నాం కదే, ఇప్పుడెందుకు నీళ్ళు?" అన్నది.

దీని అర్థం ఆడవారికి వేరే చెప్పనక్కరలేదు. మగవారికి చెప్పాలి. మన ఇళ్ళలోని పెద్ద ఆడవాళ్ళు ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గిస్తారు. దారిలో ఎక్కడికి పోవాలి, అక్కడ తలుపుకు గడియ ఉంటుందా, చెంబు ఉంటుందా అన్న చింత. మా ఆఫీసులో టూరు బిల్లులు వ్రాసే మాకు కూడా ఇన్నాళ్ళు ఈ లెక్క ఏ కాలంలోనూ కనబడలేదు.

"రైల్లో మంచి ఏర్పాటే గదా పిన్నీ?" అంటే, "ఏమి ఏర్పాటురా! మీట నొక్కితే పులిలా గాండ్రించింది. నన్ను కూడా లాక్కుపోతుందేమోనని బయటికి పరుగెత్తి వచ్చాను. తరువాత యశ్వంతపురం దాకా గుక్కెడు తాగితే ఒట్టు" అన్నది.

బావగారు నవ్వలేదు. కల్యాణి మెట్టు మీద సుద్దముక్కతో బొమ్మ గీయడం మొదలుపెట్టారు.

"అత్తయ్యా, ఆ గాండ్రింపు యంత్రానిది కాదు, గాలిది. గొట్టంలోని గాలిని పంపు ముందే సగం దాకా లాగేసి ఉంచుతుంది. మీరు మీట నొక్కగానే కాసిని నీళ్ళు పళ్ళాన్ని తడుపుతాయి. ఒక వాల్వు రెండు మూడు సెకండ్లు తెరుచుకుంటుంది. బయట మన చుట్టూ ఉన్న గాలి లోపలి ఖాళీలోకి దూకుతూ అంతా తోసుకుపోతుంది. వాల్వు మూసుకుంటుంది. ఇంట్లో నీళ్ళు మోస్తాయి. ఇక్కడ గాలి మోస్తుంది. మనిషిని అది లాగలేదు."

ఇంట్లో ఒకసారికి ఆరు నుంచి పది లీటర్లు పోసే చోట ఓడలో లీటరుతో సరిపోతుందట. గొట్టం రెండంగుళాలది చాలు, ఏటవాలు అక్కరలేదు, పైకి కూడా పోతుంది. మంచినీళ్ళన్నీ మోసుకొని పోవలసిన ఓడకు, మైలను తొట్టిలో దాచుకోవలసిన ఓడకు ఇంతకన్నా ఏమి కావాలి? ఈ ఊహ కొత్తది కాదు సుమా. లియెర్నూర్ అనే డచ్చి ఇంజనీరు 1860ల దశకంలోనే ఊరి మైలను గాలితో లాగే గొట్టాలు కనిపెట్టాడు. ఆమ్‌స్టర్‌డాంలో కొన్నేళ్ళు నడిచాయి. ఓడలకు తగిన రూపం తరువాత స్వీడనులో వచ్చింది. విమానాలలో 1982 నుంచి. మన రైళ్ళలో నిన్న మొన్న.

అప్పుడు బావగారు ఒక సంగతి చెప్పారు. ఓడ పేరు చెప్పవద్దన్నారు కనుక వ్రాయటం లేదు.

మూడు రోజుల ప్రయాణం. మొదటి రాత్రే క్రింది అంతస్తులో పాయిఖానాలు పనిచేయటం మానేశాయి. మీట నొక్కితే నిట్టూర్పు తప్ప ఏమీ లేదు. జనం ఊరుకుంటారా? బకెట్లతో నీళ్ళు కుమ్మరించారు. లీటరు నీటికి చేసిన పళ్ళెం బకెటును మోయదు. పొంగి వరండాలోకి వచ్చింది. కొత్తగా చేరిన ఇంజనీరు కుర్రవాడు పంపు ఆగకుండా తిరుగుతోందని చూచి, పంపే చెడిందని విప్పబోయాడు. బావగారు అడ్డుపడ్డారు. "పంపు ఆగితే పంపును అనుమానించు. ఆగకుండా తిరుగుతోందంటే అది మంచిదే, ఎక్కడో గాలి చొరబడుతోంది, పాపం దానితో పోరాడుతోంది" అన్నారు.

గేజి మీద కన్నుంచి, నాలుగు కొమ్మగొట్టాలనూ ఒక్కొక్కటే మూసి చూశారు. మొదటిది మూసినా ముల్లు లేవలేదు. రెండవదీ అంతే. మూడవది మూయగానే ముల్లు లేచి నిలబడింది. దొంగ ఆ వీధిలో ఉన్నాడన్నమాట. ఆ కొమ్మ మీద పన్నెండు గదులు. రాత్రి రెండు గంటలకు తలుపు తలుపుకూ చెవి ఆనించుకుంటూ నడిచారు. ఏడవ దానిలో బుస్సుమని శబ్దం. విప్పితే వాల్వు నోట్లో పసిపిల్లవాడి మేజోడు! నోరు మూతపడక గాలి చొరబడి, పన్నెండు గదులేమిటి, అంతస్తు మొత్తానికీ బలం పోయింది.

అంతటితో ఐపోలేదు. ముల్లు లేచినా, చివరి మూడు గదులలో లాగుడు మందంగానే ఉన్నది. ఉప్పునీళ్ళతో కడిగే ఓడలలో మూత్రమూ ఉప్పూ కలిసి గొట్టం లోపల సున్నపురాయిలా పేరుకుంటుంది. రెండంగుళాల గొట్టంలో పెన్సిలు పట్టేంత సందు మిగిలింది. దానికి పలచని ఆమ్లం పోసి రాత్రంతా నానబెట్టాలి. అది రేవు చేరాక చేసిన పని. నెలనెలా కాస్త వెనిగరు పోస్తూ వచ్చి ఉంటే ఆ రాయి పుట్టేదే కాదట.

"మేజోడు దొరికిన ఉదయం డాక్టరు నన్ను పిలిపించాడు," అన్నారు బావగారు. "శ్రీకాకుళం వైపు ముసలామె ఒకతె మెట్ల దగ్గర పడిపోయింది. ఆమె మాట ఎవరికీ తెలియలేదు. నేను తెలుగులో అడిగితే ఒకటే చెప్పింది: 'అక్కడికి పోలేక నీళ్ళు మానేశాను బాబూ.' ఒకటిన్నర రోజు! లోపల ఒళ్ళంతా ఎండిపోయింది. సెలైను ఎక్కించారు. మేమంతా గేజిలో ముల్లు చూస్తున్నాం గాని ఆమెను ఎవరూ చూడలేదు."

పిన్ని ఏమీ అనలేదు. కొంతసేపటికి మజ్జిగ గ్లాసు తనే అందుకొన్నది.

కొండ పైకి బస్సులో వెళ్ళాము. 1478 మీటర్ల ఎత్తు. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సేనలు పట్టుకొన్న కోట ఇదే. గాంధీగారు 1927 లోను, 1936 లోను ఆరోగ్యం కోసం ఇక్కడ బస చేశారు. ఆ చల్లగాలి పీలిస్తే ఎందుకో తెలుస్తుంది. టిప్పు డ్రాప్ దగ్గర కోతుల బెడద తప్ప వర్ణించడానికి కొత్త ఏమీ లేదు. యోగనందీశ్వరుని దర్శనం చేసుకొని, అమృత సరోవరం గట్టున కూర్చున్నాము.

"ఈ కొండ కూడా ఓడే," అన్నారు బావగారు. "నీళ్ళు ఇక్కడే దాచుకోవాలి, మైల ఇక్కడే ఆపుకోవాలి."

ఆలోచిస్తే ఓడ కంటే కష్టం. శుద్ధి చేయని మైలను తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపల సముద్రంలో వదలరాదని ఓడలకు అంతర్జాతీయ నిబంధన, 2003 నుంచి అమలు. కొండకు అట్లాంటి దూరం ఎక్కడిది? ఈ కొండల వరుసలోనే పెన్న, పాలారు, అర్కావతి, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపఘ్ని పుడుతున్నాయి. చిత్రావతీ పాపఘ్నీ పెన్నలోనే కలుస్తాయి. శనివారం, ఆదివారం వేలకొద్దీ కార్లలో వచ్చేవారు ఇక్కడ విడిచిపెట్టే సీసాలూ, గుడ్డలూ, మైలా వర్షాకాలంలో ఎటు దిగుతాయో పటం చూచి చెప్పనక్కరలేదు.

"అంటే మా నెల్లూరికా?" అన్నది పిన్ని.

"నెల్లూరికే అత్తయ్యా. అనంతపురం, కడప మీదుగా."

మా పిన్నికి చిన్నప్పుడు స్నానం చేసిన నది పుట్టిల్లు ఇదని అంతవరకూ తెలియదు. లేచి, మా పిల్లవాడు గట్టున వదిలిన బిస్కెట్టు కాగితం ఏరి కొంగున కట్టుకొన్నది.

దిగుదారిలో ముద్దేనహళ్ళి చూశాము. విశ్వేశ్వరయ్యగారి స్వగ్రామం, వారి పూర్వులు మన మోక్షగుండం నుంచి వచ్చినవారే. ఆయన ఇంటిని చిన్న మ్యూజియంగా ఉంచారు. 1908 లో మూసీ వరద వచ్చిన తరువాత హైదరాబాదు పోయి వరదకూ, మురుగుకూ పథకాలు వేసింది ఆయనే. అంతకు ముందు 1906 లో ఏడెన్ రేవుకు మంచినీళ్ళూ మురుగుకాలువలూ ఎట్లా ఏర్పరచాలో చెప్పివచ్చారు. ఆనకట్టల పేరుతో అందరూ తలిచే మనిషి, మురుగు గురించి కూడా అంతే శ్రద్ధగా ఆలోచించారు. ఆ సంగతి పాఠ్యపుస్తకాలలో మాకు కనబడలేదు.

పిన్ని ఆయన పటం ముందు చాలాసేపు నిలబడి, కాపలా మనిషిని తెలుగులోనే అడిగింది: "నాయనా, ఇక్కడ ఆడవాళ్ళకు మరుగు ఉన్నదా?" అతడు చెయ్యి చూపించాడు. తిరిగి వచ్చి, మా సంచిలోని నీళ్ళ సీసా తీసుకొని సగం తాగింది.