చద్దర్ల బండి - గాలి లెక్క

షోలాపురం పూర్వభాగానికి కొత్తగా వచ్చిన చుట్టాలు తెల్లవారుజామున లేచి, "బయట వాన పడుతున్నదా?" అని అడగడం కద్దు. అది వాన కాదు, మగ్గాల చప్పుడు. సాఖర్ పేట మొదలు అక్కల్‌కోట రోడ్డు దాకా ఏ సందులో నిలబడినా ఆ చప్పుడే. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు వైపుల నుండి మన పెద్దలు మగ్గాన్ని నమ్ముకొని వచ్చి స్థిరపడ్డ చోటిది. నారళీ పున్నమనాడు మార్కండేయస్వామి రథం కదిలితే ఈ మగ్గాలన్నీ ఒక్కసారి మూగబోతాయి.

ఇక్కడ నేసిన చద్దర్లు, తువాళ్ళు ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద రైలు స్టేషనుకు పోయేవి. ఇప్పుడు ప్రతి సందు మొగన ఒక పికప్ బండి నిలబడి ఉంటుంది. మా సందులో అయిదిళ్ళవాళ్ళం కలిసి అటువంటి బండి ఒకటి కొనుక్కున్నాము. నూలు లెక్క, కూలి లెక్క, డీజిలు లెక్క అన్నీ రాసుకున్నాము. రాయనిది ఒక్కటే, గాలి లెక్క.

కిందటి ఎండాకాలం హైదరాబాదుకు సరుకు పంపవలసి వచ్చింది. ఊళ్ళో ఖాళీగా తిరిగేటప్పుడు కుదుపు తగ్గాలని వెనుక చక్రాలలో 40 పౌండ్ల గాలే ఉంచేవాళ్ళము. బేళ్ళు నిండా ఎక్కించిన తరువాత కూడా గాలి పెంచలేదు. మాలో ఒకరు టైరును కాలితో తన్ని, "గట్టిగానే ఉంది, పోనీయండి" అన్నారు. బేళ్ళ మీద ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టడం మేము చేసిన రెండో తప్పు.

మిట్టమధ్యాహ్నం నళదుర్గం కోట దగ్గర బండి ఆపి గాలి చూపిస్తే 48 పౌండ్లున్నది. "ఎండకు పొంగింది, కొంచెం వదలండి" అన్నాము. వదిలించాము. అక్కడి నుండి ఉమర్గా దారిలో కొంత దూరం పోయాక వెనుక ఎడమ చక్రం పెద్ద చప్పుడుతో పేలింది. బండి ఊగి ఊగి రోడ్డు దిగి ఆగింది. పైనున్న చిన్నవాడు కిందపడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు వాడు మగ్గం దగ్గర నిలబడలేదు. ఆ రెండు నెలల కూలి అయిదిళ్ళవాళ్ళమూ పంచుకొని ఇచ్చాము. కాని వాళ్ళమ్మ ముఖం చూడలేకపోయాము.

తరువాత డ్రైవరు తలుపు పక్కనున్న చీటీ చదివాము. అది బండితో పాటే వచ్చింది. నిండు బరువుకు మా బండి వెనుక చక్రాలకు 65 పౌండ్లు కావాలని అందులో స్పష్టంగా ఉన్నది. అంటే 48 ఎక్కువ కాదు, తక్కువ. గాలి తక్కువైన టైరు బరువు కింద తిరిగిన ప్రతిసారీ పక్కలు నలుగుతాయి, నలిగినకొద్దీ లోపల కాగుతుంది. ఆ కాకకే గాలి పొంగి ముల్లు పైకి చూపింది. మేము జబ్బు వదిలేసి జ్వరం కొలిచే గాజుగొట్టాన్ని చల్లార్చినట్లయింది.

అందుచేత గాలి తెల్లవారి, బండి కదలకముందే చూడాలి. నడిచిన బండి అయితే కనీసం మూడు గంటలు ఆగాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే 60 పౌండ్ల టైరులో రెండు పౌండ్లకు పైగా తనంతట తానే పెరుగుతుంది. అది లెక్కలోనిదే, వదలరాదు. ముందు చక్రాల అంకె వేరు, వెనుక చక్రాల అంకె వేరు. చీటీలో ఖాళీ బండికి వేరే అంకె ఉంటే ఖాళీగా వచ్చేటప్పుడు అదే పాటించాలి. నిండు గాలితో ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, టైరు నడిమధ్య అరుగుతుంది. గాలి తక్కువైతే రెండంచులూ అరుగుతాయి. టైరు పక్కన అచ్చువేసిన అంకె ఆ టైరు ఓర్చుకోగల హద్దు, మన బండికి కావలసిన గాలి కాదు. హద్దు మీరిన బరువుకు ఎంత గాలి కొట్టినా ప్రయోజనం లేదు. కాంటా మీద తూచి, ఎక్కువైన బేళ్ళు దింపుకోవడమే మార్గం. స్టెపినీలో గాలి చూడడం కూడా మరువరాదు.

ఇదంతా విని మా సందు పెద్దనాయన ఒకరు నవ్వి, "పడుగు బిగువు ఎక్కువైతే పోగు తెగుతది, తక్కువైతే చిక్కువడుతది. ఆ సంగతి వేలితో ముట్టి చెప్తరు గదా మీరు. మరి టైరును కాలితోని తంతరేందిరా?" అన్నారు. మాకు జవాబు దొరకలేదు.

ఇప్పుడు మా బండి గాలి కొలిచే పరికరం మగ్గాల షెడ్డులో, నూలు లెక్క పుస్తకం పక్కన మేకుకు వేలాడుతున్నది. బండి బయలుదేరే తెల్లవారుజామున అయిదు చక్రాల అంకెలూ ఆ పుస్తకంలో రాస్తాము. రాసేది ఆ చిన్నవాడే. అంకె రాయనిదే తాళంచెవి ఇవ్వడు. బేళ్ళ మీద మరి ఎవ్వరినీ ఎక్కనివ్వడు.