ఒకే పేరు, ఇద్దరు మామ్మలు



నర్సు ఉద్యోగం విరమించిన తరువాత నేను ఒక వృద్ధాశ్రమంలో మందుల బాధ్యత తీసుకున్నాను. అక్కడ 23 మంది పెద్దవారు ఉండేవారు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నది గదా, మాత్రలు పంచడం ఎంత పని అనుకున్నాను. ఆ ధీమాయే నా కొంప ముంచింది.

ఒకే పేరు గల ఇద్దరు మామ్మలు పక్కపక్క మంచాలమీద ఉండేవారు. ఒకరికి షుగరు, మరొకరికి బి.పి. మాత్రమే. ఒక ఉదయం హడావుడిలో పేరు పెట్టి పిలిచి, "ఆఁ" అన్న మామ్మ చేతిలో మాత్ర పెట్టాను. కొంతసేపటికి ఆమెకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. డబ్బా తీసి చూసుకున్నాను. అది గ్లిబెన్‌క్లమైడ్, షుగరు మాత్ర! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మామ్మ తెలివిలోనే ఉన్నందున పంచదార నీళ్ళు తాగించి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాము. "ఈ మాత్ర ప్రభావం చాలా గంటలు ఉంటుంది. తేరుకున్నారని పంపేస్తే మరల షుగరు పడిపోతుంది" అని డాక్టరుగారు మరునాటి వరకు గ్లూకోజు ఎక్కిస్తూ కనిపెట్టి ఉన్నారు.

మామ్మ కోలుకున్నది. "ఏడవకే అమ్మాయీ, మా ఇద్దరికీ ఒకే పేరు పెట్టినవాళ్ళదే తప్పు" అన్నది. కాని తప్పు నాదే. ఆమె కుమారునికి నేనే జరిగినది జరిగినట్లు చెప్పాను. రిజిస్టరులోనూ రాశాను. దాచిన తప్పు మరల జరుగుతుంది.

ఆనాటినుండి నేను ఎవరినీ పేరు పెట్టి పిలిచి మందు ఇవ్వలేదు. "మీ పేరు, ఇంటిపేరు చెప్పండి" అని అడిగి, డబ్బామీది ఫొటోతో సరిచూస్తాను. మనిషి, మందు, మోతాదు, వేళ, ఇచ్చే విధం – ఈ ఐదూ చూచిన తరువాతే ఇస్తాను. మింగినది కళ్ళారా చూచి సంతకం పెడతాను. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారే వేసుకునే మెథోట్రెక్సేట్‌ను వేరుగా తాళం వేసి, వారం పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంచుతాను. అది రోజూ వేస్తే ప్రాణాపాయం.

ఒక తాతగారు లేవగానే తూలిపోయేవారు. చూడగా, ఇద్దరు డాక్టర్లు రెండు వేర్వేరు కంపెనీ పేర్లతో రాసినది ఒకే ఆమ్లోడిపిన్! అట్టమీది పెద్ద పేరే గాక, చిన్న అక్షరాల అసలు మందు పేరు కూడ చదవాలని అప్పుడు బోధపడింది.

మీ ఇంట్లోనూ పెద్దవారు ఉంటారు. ఈ రోజే వారి మందుల సంచి మంచంమీద గుమ్మరించి చూడండి. గడువు తీరినవి, ఒకే మందు రెండు పేర్లతో ఉన్నవి కనబడితే సంచితో సహా డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి. మీ అంతట మీరు ఏదీ మానిపించకండి. డాక్టరును అడగకుండా మాత్రలను నూరి ఇవ్వకండి. కొన్ని మాత్రలు మెల్లగా కరిగేటట్లు చేసినవి.

ఇప్పుడు నేను ఎప్పుడైనా తొందరలో ఉంటే ఆ మామ్మే చేయి వెనక్కు తీసుకుని, "నా ఇంటిపేరు అడగవేమే?" అంటుంది.