వెన్నపండు మొక్క, ఒక సంతకం

మా తిరుపతిలో జ్యూస్ కొట్లవాళ్ళు దాన్ని బటర్ ఫ్రూట్ అంటారు. అవకాడో అంటే ఏ కాఫీ షాపులోనో రొట్టె మీద రాసిచ్చే ఖరీదైన వస్తువనిపిస్తుంది గానీ, బటర్ ఫ్రూట్ అనగానే పాలూ చక్కెరా వేసి మిక్సీలో తిప్పిన చిక్కటి లేతాకుపచ్చ జ్యూసే గుర్తొస్తుంది. పండేది మాత్రం ఇక్కడ కాదు, కూర్గు, నీలగిరి, కొడైకెనాల్ లాంటి చల్లటి కొండల్లో. 2024 వేసవిలో ఒక పండు కొని, తిని, గింజ పారేయబోయి ఆగిపోయాను. కోడిగుడ్డంత గింజ. దాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి చిత్తూరు మామిడితోటల్లో పెరిగిన చెయ్యి ఒప్పుకోలేదు.

పద్ధతి చాలామందికి తెలిసిందే. గింజ కడిగి, నడుముకి మూడు టూత్‌పిక్‌లు గుచ్చి, వెడల్పు వైపు కిందికి, మొన పైకి ఉండేలా గ్లాసు నీళ్ళ మీద నిలబెట్టాలి. అడుగు మాత్రమే తడవాలి. నీళ్ళు మారుస్తూ ఉండాలి. గింజ ఎండిపోయిందా, ఇక మొలవదు. ఇంట్లో టూత్‌పిక్‌లు లేక కొబ్బరి చీపురు పుల్లలు విరిచి గుచ్చాను. మూడు వారాలు ఏమీ జరగలేదు. నాలుగో వారం గింజ నిలువునా పగిలి తెల్లటి వేరు కిందికి దిగింది. మొలక కనిపించడానికి మరో రెండు వారాలు పట్టింది. జానెడు ఎదిగాక, పక్క కొమ్మలు రావాలంటే చివర తుంచాలట. తుంచడానికి మనసొప్పక ఇంకో వారం గడిపాను.

అప్పుడే కంటి పరీక్షకని అమ్మ ఊరినుంచి వచ్చింది. కిటికీలో గ్లాసు చూసి, "ఏం మే, గింజకి కాళ్ళు కట్టి నీళ్ళల్లో నిలబెట్టినావు? మీ ఊర్లో మట్టి లేదా?" అంది.

"మట్టుంది మా, తావు లేదు" అన్నాను నవ్వుతూ.

తర్వాత కుండీలోకి మార్చి మిద్దె మీద పెట్టాను. ఇంటి ఓనరమ్మ మంచిదే. కానీ మిద్దెకి చెమ్మ దిగుతుందని రెండుసార్లు చెప్పింది. మార్చి వచ్చేసరికి తిరుపతి ఎండకి ఆకులు వాలిపోయాయి. బోరునీళ్ళలో ఉప్పుకి ఆకుల కొసలు మాడి గోధుమరంగుకి తిరిగాయి. ఈ మొక్కకి ఉప్పు అస్సలు పడదు, వేరు దగ్గర నీళ్ళు నిలిచినా కుళ్ళిపోతుంది. బాగా గారాల మొక్క. తాగే నీళ్ళ క్యాన్ నుంచే దానికీ చెంబెడు పోస్తుంటే నాకే సిగ్గేసేది.

"ఇది కాయ కాస్తాదా?" అని అమ్మ ఫోన్లో అడిగింది.

"గింజ మొక్క కదా, పదేళ్ళు పట్టొచ్చు. కాసినా ఆ పండే కాస్తుందని లేదు."

"అయితే నాటు మానే."

నాటు మాను అనే మాటలో మా వైపు ఎంత చిన్నచూపుందో బయటివాళ్ళకి తెలియదు. తోతాపురి, బేనీషా, నీలం, ఇవన్నీ అంటు మాన్లు. టెంక వేస్తే వచ్చేది తల్లి కాయే కాస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి టెంక మొక్కకి విలువ లేదు. కానీ అంటు కట్టడానికి కావలసింది ఆ టెంక మొక్కే! నర్సరీలో సంచుల్లో టెంకలు మొలిపించి, లేత కాండం తల కోసి, పేరున్న మాను కొమ్మని దానికి అతికించి కడతారు. నేలలోకి దిగేది, నీళ్ళు తోడేది, మానుని నిలబెట్టేది అంతా టెంక మొక్క. దాని పక్కనుంచి సొంత చిగురు వస్తే గిల్లేస్తారు. చిన్నప్పుడు ఆ గిల్లే పని మాది, నాదీ తమ్ముడిదీ. వేరు ఒకరిది, పేరు ఇంకొకరిది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన అమ్మ ఆ తోటలో నలభై ఏళ్ళు పని చేసింది. దాన్ని మా ఊళ్ళో ఇప్పటికీ 'మీ నాయన తోట' అనే అంటారు.

వెన్నపండు విషయంలో ఒక కథుంది. ప్రపంచమంతా అమ్ముడయ్యే హాస్ రకం అంతా ఒకే ఒక్క గింజ మొక్క నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మాన్ 1926లో నాటిన మొక్క అది. పేరున్న రకంతో అంటు కట్టించాలని చూస్తే పట్టలేదు. కొట్టేద్దామనుకున్నాడు. పండు రుచిగా ఉందని పిల్లలు చెప్పాక ఆగి, 1935లో పేటెంటు తీసుకున్నాడు. ఆ మొదటి చెట్టు 2002 దాకా బతికింది. అమ్మకి చెప్తే, "అదృష్టం బాగుండి అంటు పట్టలేదు" అంది. ఇంకొకటీ చెప్పాను. ఈ పువ్వు ఒకసారి ఆడపువ్వుగా విచ్చుకుని మూసుకుంటుంది, మర్నాడు మగపువ్వుగా మళ్ళీ విచ్చుకుంటుంది. అమ్మ చాలాసేపు నవ్వింది.

సాహిత్యం చదువుకున్న నాలాంటివాళ్ళకి కుండీలో మొక్కని మొక్కగా చూడటం కష్టం. అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్సాయ్ బ్రతుకు' చదివాక ఏ తెలుగు ఆడది ప్రశాంతంగా కుండీకి నీళ్ళు పోయగలిగింది? అయితే నా ఇబ్బంది ప్రతీకలతో కాదు. వేరు కుండీ అడుగు రంధ్రంలోంచి బయటికొచ్చేసింది. దానికి నేల కావాలి. అద్దె ఇంట్లో ఉండే మనిషి చెట్టు ఎక్కడ నాటుతుంది?

నేల లేదా అంటే ఉంది. మూడెకరాల తోట. నాయన 2023లో పోయారు. తోట తన పేరు మీదికి మార్చుకుంటే బ్యాంకు అప్పు సులువవుతుందని, అమ్మా నేనూ హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టాలని తమ్ముడు అప్పటినుంచీ అడుగుతున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అని ప్రకటించాక కూడా, రైతులు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి ట్రాక్టర్లతో కాచుకున్నారు. అందులో వాడూ ఉన్నాడు. "దీంట్లో భాగం తీసుకుని నువ్వేం చేస్తావక్కా?" అన్నాడు. నా థీసిస్‌లో స్త్రీలు, ఆస్తి మీద ఏకంగా ఒక అధ్యాయం ఉంది. అది రాసిన మనిషి ఫోన్లో, "సరేలే, సెలవుల్లో వస్తా" అంది.

అమ్మ పెళ్ళి 1984లో అయింది. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అంతకుముందే పెళ్ళయినవాళ్ళకి మాత్రం లేదన్నారు. ఏడాది తేడాలో అమ్మ బయట ఉండిపోయింది. పెళ్ళి షరతు లేని కేంద్ర సవరణ 2005లో వచ్చేసరికి తాత భూమికి రిజిస్టరు పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. పంపకాల రోజున మామలకి పాయసం వండిపెట్టి వచ్చానని అమ్మ చెప్తుంది, కోపంగా కాదు, మామూలుగానే. నా విషయంలో చట్టానికి ఏ అనుమానమూ లేదు. అనుమానమంతా నాదే. అడిగితే తమ్ముడు దూరమవుతాడేమో, పండక్కి ఆ గడప తొక్కగలనో లేదో అని.

కార్తీకంలో వానలు పడ్డాక కుండీని బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఊరికి పోయాను. తమ్ముడు కాగితాలు సిద్ధంగా పెట్టుకున్నాడు. అమ్మ వాటివైపు చూడలేదు. గడ్డపార తీసుకుని బోరు షెడ్డు వెనక్కి నడిచింది. నీళ్ళు నిలవకుండా మట్టి గుట్టగా పోసి, గుంత తీసి, మొక్కని మట్టిగడ్డతో సహా దించింది. పడమటెండ తగలకుండా రెండు కొబ్బరి మట్టలు నాటింది.

తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. "ఇది ఎన్నేళ్ళకి కాస్తాదక్కా?"

"పదేళ్ళు. ఎక్కువైనా కావచ్చు."

"అంతవరకూ ఎవరు చూస్తారు దీన్ని?"

"నేనే వస్తుంటా" అన్నాను. గొంతు కొంచెం వణికింది. "కాగితాలు ఇప్పుడొద్దు. అప్పుకి కావాలంటే ముగ్గురం కలిసే బ్యాంకుకి పోదాం."

వాడు ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఎండ వాలాక కొడవలి పట్టుకుని పోయి, మేకలు కొరక్కుండా మొక్క చుట్టూ కంప కొట్టి వేసింది. చేతికి ముల్లు గుచ్చుకుంటే చీరకొంగుతో ఒత్తుకుంటూ, "వచ్చే నెల వచ్చేటప్పుడు ఆ గ్లాసు కూడా తీసకరా, మంచి గ్లాసు" అంది.