నడి ఓడలో కిటికీ గది

ఫిబ్రవరి 8, శనివారం

అత్తయ్య, మామయ్య మే నెలలో వస్తున్నారు. విమానం టికెట్లు ఖాయమయ్యాయి. జూన్‌లో పిల్లలకు సెలవులు. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, రోజుకో హోటల్ మారడం ఆయన వల్ల కాదు. అందుకే హవాయి ఓడ అనుకున్నాం. ఒకసారి సామాను గదిలో సర్దేస్తే వారమంతా అదే మంచం, అదే బాత్‌రూమ్. పొద్దున లేచేసరికి కొత్త దీవి ఎదురుగా ఉంటుంది.

కరీబియన్ అయితే చవక అని ఆఫీసులో అందరూ చెప్పారు. నిజమే. కానీ అక్కడికి వెళ్లడమంటే దేశం దాటడమే. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లను రెండోసారి ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు నిలబెట్టడం నాకిష్టం లేదు. మేం అనుకున్న హవాయి ఓడ ‘ప్రైడ్ ఆఫ్ అమెరికా’కు ఆ బెడద లేదు. విదేశీ జెండా ఓడలు అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. అందుకే కాలిఫోర్నియాలో బయల్దేరి హవాయి తిరిగొచ్చే ఓడలు దారిలో మెక్సికోలోని ఎన్సెనాడాలోనో మరెక్కడో ఆగి రావాలి. ఇది మాత్రం అమెరికా జెండా ఓడ. హోనొలులులో ఎక్కి, నాలుగు దీవులు తిరిగి, హోనొలులులోనే దిగుతాం. పరాయి గడ్డ తొక్కే పనే లేదు.

ఇక తేలాల్సింది గది.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఓడ తిరిగే వరస కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. శనివారం సాయంత్రం హోనొలులు. ఆది, సోమవారాలు మావి దీవిలో కహులుయి. మంగళవారం హీలో, బుధవారం కోనా, రెండూ పెద్ద దీవిలోనే. గురువారం, శుక్రవారం మధ్యాహ్నం దాకా కవాయి. ఆ సాయంత్రం నాపాలీ కొండల పక్కగా ప్రయాణం. శనివారం తెల్లారేసరికి మళ్లీ హోనొలులు.

ఎదురుగా పెట్టుకుని చూస్తే ఒక సంగతి తేటగా తెలిసింది. పగలంతా మనం నేల మీదే ఉంటాం. ఓడ నడిచేది రాత్రిళ్లు. ఉన్న ఏడు రాత్రుల్లో కహులుయిలో ఒకటి, కవాయిలో ఒకటి రేవులోనే గడుస్తాయి, ఆ రెండు రాత్రులూ ఓడ కదలదు. మిగతా అయిదు రాత్రులు నిద్రపోతూ సముద్రం దాటుతాం. అంటే ఈ గది కూర్చోడానికి కాదు, పడుకోడానికి. పగళ్లకు పగళ్లు నీళ్ల మీదే ఉండే ప్రయాణాలకు చెప్పే సలహాలు దీనికి అతకవు.

ఈయనకు చెబితే, “అయితే అన్నిట్లోకి చవకది తీసుకో” అన్నారు. లెక్కల మనిషి కదా. పడుకోడానికే అయితే మంచి నిద్ర పట్టే గది కావాలి గానీ చవక గది ఎందుకు?

ఫిబ్రవరి 15, శనివారం

పొద్దున్నే కాఫీతో పాటు ఓడ పటం ముందేసుకున్నాను. అంతస్తుకో పేజీ. గదులన్నీ చీమల బారుల్లా ఉన్నాయి. ఎర్ర పెన్నుతో ఒక్కో గదీ కొట్టేస్తూ పోయాను.

ముందు కొస కొట్టేశాను. అల తగిలినప్పుడు ఓడ ముందు భాగం లేచి పడుతుంది, వెనక భాగమూ అంతే, నడిభాగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పక్కలకు ఊగడం పై అంతస్తులకు వెళ్లేకొద్దీ ఎక్కువ. ఓడ పక్కలకు ఊగకుండా నీళ్లలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు పట్టి ఆపుతాయి గానీ, ముందుకీ వెనక్కీ లేచిపడటాన్ని అవి ఆపలేవు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చునే మనిషి మా అత్తయ్య. ఆవిడను ముందు కొసలో పై అంతస్తులో పెడితే ఇంకేమన్నా ఉందా!

తర్వాత పదో అంతస్తు కొట్టేశాను. ఈత కొలను, బఫే ఉన్నది పదకొండో అంతస్తులో. తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు కింద గదుల వాళ్ల నెత్తిమీదే. గదికి పైనా గదులే ఉండాలి, కిందా గదులే ఉండాలి. ఆ తర్వాత పక్క గదికి లోపలి తలుపు ఉన్నవి కొట్టేశాను. ఆ తలుపు ఎంత బిగించినా పక్కవాళ్ల టీవీ మన దిండు దాకా వస్తుంది. లిఫ్టుకి ఎదురుగా ఉన్నవీ వద్దు. అలాగని లిఫ్టు మరీ దూరమైతే మామయ్య నడవలేరు. ఈ ఓడ పొడవు 280 మీటర్లు. కొసన గది దొరికితే భోజనానికి వెళ్లి రావడమే ఆయనకు ఒక వాకింగ్.

రాత్రి మామయ్యతో ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని నవ్వారు.

“ఏమ్మా, సఖినేటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కి రోజూ నరసాపురం బడికి వెళ్లొచ్చిన వాణ్ణి. కొసన నిలబడ్డవాడికే కుదుపు. నడిమధ్య నిలబడితే చొక్కా ఇస్త్రీ కూడా చెదరదు. ఈ మాత్రానికి పటాలెందుకు?”

ఫిబ్రవరి 19, బుధవారం

ఇవాళ ఇంట్లో చిన్న యుద్ధం. ఈయన ఆఫీసు నుంచి వస్తూనే “గ్యారంటీ రేటు దొరికింది” అన్నారు సంబరంగా. ఆ రేటులో గది రకం మనం చెప్పాలి, గది నంబరు కంపెనీ ఇస్తుంది. మనకు నచ్చిన గది రావచ్చు, ఎవరికీ నచ్చక మిగిలింది రావచ్చు. ఇద్దరమే అయితే సరే అనేదాన్ని. అత్తయ్య కడుపుతో లాటరీ ఆడటం నా వల్ల కాదన్నాను.

తర్వాత బాల్కనీ మాట వచ్చింది. ఈయనకు అమ్మానాన్నలకు బాల్కనీ ఇప్పించాలని ఉంది. తప్పేం లేదు. ఒకప్పుడైతే హీలో నుంచి కోనా వెళ్లే రాత్రి కిలవేయా అగ్నిపర్వతం లావా సముద్రంలో పడుతుంటే బాల్కనీలోంచే ఎర్రగా కనబడేదట. పాత ఫొటోలన్నీ అవే. 2018 తర్వాత లావా అలా సముద్రం దాకా రావడం లేదు. ఇక బాల్కనీతో పని పడేది శుక్రవారం సాయంత్రం నాపాలీ దగ్గర, రేవుల్లోకి వచ్చే వేళల్లో. దానికోసం తలకు వందల డాలర్లు. “ఆ డబ్బుతో మావిలో హలేయకలా కొండకి అందరం కార్లో వెళ్లి రావచ్చు” అన్నాను. పైగా మా చిన్నది రెయిలింగ్ కనిపిస్తే ఎక్కే రకం.

పోనీ కిటికీ కూడా లేని లోపలి గది? అది పెద్దవాళ్లకు కుదరదు. సుమారు 130 చదరపు అడుగులు, దీపం ఆర్పితే చీకటి గుయ్యారం. మామయ్యకు తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తుంది. జూన్‌లో హవాయి గడియారం మాకన్నా మూడు గంటలు వెనక. మా నాలుగు అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట. కిటికీ లేని గదిలో లేచి కూర్చుంటే ఇంకా ఎంత రాత్రుందో, ఎప్పుడు తెల్లారిందో తెలీదు. సూర్యుడికి దణ్ణం పెట్టందే కాఫీ ముట్టని మనిషి ఆయన.

అందుకని వాళ్లకు కిటికీ గది, దానికి ఎదురు వరసలో మాకూ పిల్లలకూ లోపలి గది. కిటికీ గదుల్లోనూ ఒక మెలిక ఉంది. కొన్నిటికి అద్దం ముందు లైఫ్‌బోటు వేలాడుతుంది. చూపు అడ్డమని పటంలో చిన్న అక్షరాలతో రాస్తారు, రేటూ కాస్త తగ్గిస్తారు. అవి పక్కన పెట్టాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

గదులు తీసేసుకున్నాం. రెండూ నడిభాగంలో, కింది అంతస్తుల్లో ఒకదానిలో, లిఫ్టుకి కొంచెం ఎడంగా.

ఆఖరి నిమిషంలో చిన్నది నాయనమ్మ గదిలోనే పడుకుంటానని పేచీ పెట్టింది. మూడో మనిషికి గోడలోంచి మంచం దింపుతారు, దానికో నిచ్చెన వేస్తారు. రాత్రి మామయ్య బాత్‌రూమ్‌కి లేస్తే ఆ నిచ్చెనే కాలికి అడ్డం. బాత్‌రూమ్ గుమ్మమూ ఎత్తుగానే ఉంటుంది. వద్దని గట్టిగా చెప్పాను. అలిగింది. సాయంత్రం అయిదు దాటాక అన్నం తింది.

జూన్ 21, శనివారం. హోనొలులు

ఎక్కేశాం. గోడలు ఇనుప రేకువి, అయస్కాంతం అంటుకుంటుంది. అత్తయ్య ఫ్రిజ్ మీద నుంచి ఊడదీసి తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి బొమ్మ కిటికీ పక్కన ఠక్కున అతుక్కుంది. మంట వెలిగించకూడదు, అగరొత్తి కూడా కుదరదు, కాబట్టి బ్యాటరీ దీపం. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే కెటిల్ ఇవేవీ తేకూడదని ముందే చెప్పాను. అత్తయ్య మాత్రం చేతి సంచిలో అల్లం మురబ్బా పెద్ద డబ్బా తెచ్చుకుంది.

“కిటికీ తెరుచుకోదేమిటే అమ్మాయ్?” అని అడిగింది. తెరుచుకోదని చెబితే కాసేపు అద్దాన్ని వేలితో తట్టి చూసి ఊరుకుంది.

జూన్ 24, మంగళవారం. హీలో

నిన్నటి రాత్రే అసలు పరీక్ష. మావికీ పెద్ద దీవికీ నడుమ అలెనుయిహాహా జలసంధి ఉంది. ఈశాన్యం నుంచి వీచే గాలులు ఆ రెండు దీవుల పెద్ద కొండల సందులో ఇరుక్కుని జోరందుకుంటాయి. అర్ధరాత్రి అల్మారాలో హ్యాంగర్లు టిక్కుటిక్కుమని కొట్టుకున్నాయి. చేత్తో పట్టుకుని ఆపి, వాటి మధ్య తువ్వాలు దోపి పడుకున్నాను. ఊగింది. కానీ మంచం మీద నుంచి లేవలేనంత కాదు.

పొద్దున్నే ఎదురుగది తలుపు తడితే అత్తయ్య తయారై కూర్చుంది. మురబ్బా డబ్బా మాత్రం సగానికి దిగింది. టిఫిన్ దగ్గర డాలస్ నుంచి వచ్చిన తెలుగు జంట కలిశారు. పై అంతస్తు, ముందు వరస, బాల్కనీ. ఆ అమ్మాయి రాత్రంతా గదిలో ఉండలేక కింద లాబీ సోఫాలో నడుం వాల్చిందట. అత్తయ్య తన డబ్బాలోంచి రెండు ముక్కలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

జూన్ 25, బుధవారం. కోనా

ఇక్కడ ఓడ రేవుకి ఆనదు. నీళ్లలో ఆపి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఊగే పడవలోకి అడుగు వేయాలంటే మోకాలు సహకరించాలి. మామయ్య రానన్నారు. మేం తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పడవ ఒడ్డుకు వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతోందో లెక్కేస్తున్నారు. “మన పంటు కన్నా వీళ్లే నయం, టైముకి వస్తున్నాయి” అని తీర్పిచ్చారు. లోపలి గదే తీసుకుని ఉంటే ఈ రోజంతా ఆయన ఏం చేసేవారు?

జూన్ 27, శుక్రవారం. కవాయి

పొద్దున్న ఇరైవన్ కోవెలకు వెళ్లాం, ముందుగానే అడిగి పెట్టుకున్నాం. తెల్ల గ్రానైటు గుడి. రాళ్లు మన బెంగళూరు దగ్గర చెక్కి ఓడల్లో తెచ్చి ఇక్కడ పేర్చారు. లోపల స్ఫటిక లింగం. పసిఫిక్ సముద్రం నడుమ శివుడా అని అత్తయ్య కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం నాపాలీ. రోడ్డు లేని తీరం. సముద్రం మీద నుంచో, ఆకాశం నుంచో, కాలినడకనో తప్ప చూడలేం. ముడతలు ముడతలుగా పచ్చటి కొండలు నీళ్లలోంచి నిట్టనిలువునా లేచాయి. కెప్టెన్ ఓడను తిప్పి రెండు పక్కల వాళ్లకూ చూపించాడు. జనమంతా పై డెక్కు మీదే. గాలికి చీర నిలవక అత్తయ్య, నిలబడలేక మామయ్య పది నిమిషాల్లో కిందికి వెళ్లిపోయారు. మిగతాది గది కిటికీలోంచి చూశారు. ఈ ఒక్క గంటకు బాల్కనీ ఉంటే వాళ్లు కుర్చీలో కూర్చుని చూసేవాళ్లే. ఈయన నావైపు చూశారు గానీ ఏమీ అనలేదు.

జూన్ 30, సోమవారం. ఇంట్లో

డాలస్ అమ్మాయి మెసేజ్ పెట్టింది. వచ్చే ఏడు వాళ్ల అమ్మానాన్నలను అదే ఓడలో తీసుకెళ్లాలట, ఏ గది తీసుకోమంటారు అని. ఇలా రాసి పంపాను: “పెద్దవాళ్లతో అయితే ముందు నడిభాగం చూడు, తర్వాత కింది అంతస్తు, ఆ తర్వాత కిటికీ. ఈ మూడూ కుదిరాక డబ్బు మిగిలితే అదే నడిభాగంలో బాల్కనీ. కొసన ఇచ్చే బాల్కనీ ఊరికే ఇచ్చినా తీసుకోకు. గది నంబరు నువ్వే ఎంచుకో.”